నల్లబడ్డ ఇనుము

పటాన్‌చెరు, పాశమైలారం వైపు పనికి పోయే అక్కలు కాలే ఇనుమును చూసే ఉంటారు. ఊళ్లో కమ్మరి కొలిమి అయినా సరే. ఇనుము కాలితే ముందు ముదురు ఎరుపు. ఇంకా కాలితే నారింజ. ఆ తరువాత పసుపు. రంగు చూసే కమ్మరి సుత్తె ఎత్తుతాడు. ఆయనకు థర్మామీటరు అక్కర లేదు.

బయట పెడితే ఇనుము కాసేపట్లో నల్లబడుతుంది. చల్లారిందా? లేదు! వేడి 500 డిగ్రీల కిందికి దిగితే మన కంటికి ఎరుపు కనిపించదు. అంతే. నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. మరి ఆ నల్ల ముక్క ఎంత కాలుస్తుందో మీరే చెప్పండి. ఊడ్చేటప్పుడు దాన్ని ముట్టకండి. చేయి దూరంగా పెట్టి చూడండి. సెగ తగులుతుంది. ఆ సెగ కూడా వెలుగే. కంటికి కనిపించని వెలుగు.

ఈ వెలుగు ఎక్కడిది? ఇనుము నిండా అణువులు ఉంటాయి. (బడి పుస్తకంలో పరమాణువులు అంటారు.) అవి ఎప్పుడూ ఊగుతుంటాయి. వాటిలో విద్యుత్తు ఉంది. అది ఊగితే వెలుగు పుడుతుంది. వేడి పెరిగితే ఊపు పెరుగుతుంది. వెలుగూ పెరుగుతుంది.

పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు వేయండి. మంట పసుపుపచ్చగా లేస్తుంది. ఉప్పులో సోడియం ఉంది. మంటలో దాని అణువులు విడివిడిగా తిరుగుతాయి. వాటి రంగు వాటిదే. ఇనుములో అట్లా కాదు. షిఫ్టు బస్సులో మనం నిలబడ్డట్టు అణువులు కిక్కిరిసి ఉంటాయి. ఒకటి కదిలితే పదింటికి తగులుతుంది. నెమ్మది ఊపు, జోరు ఊపు, మధ్యలో అన్ని రకాలూ ఉంటాయి. అందుకే ఇనుము వెలుగులో ఒక రంగు పక్కన ఇంకో రంగు తెంపు లేకుండా ఉంటుంది, ఇంద్రధనుస్సులో లాగా. ఎర్రగా కాలినప్పుడు కూడా అందులో ఎక్కువ భాగం ఎరుపుకు అవతలే, కనిపించని చోటే ఉంటుంది.

మన ఒళ్లూ ఇట్లాగే వెలుగుతుంది. 2020లో కరోనా నాడు కంపెనీ గేట్ల దగ్గర నుదుటికి గన్ను పెట్టేవారు, గుర్తుందా? దానితో మెదడు చెడుతుందని పుకారు లేచింది. అది వట్టి మాట. గన్ను పట్టుకునేది మన నుదుటి నుంచి వచ్చే ఆ కనిపించని వెలుగును. వేడి కొలవడానికి అది మన లోపలికి ఏమీ పంపదు.

పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్‌లో శనగ చేనును కూడా ఇట్లా చూశారు. ఈ వెలుగును పట్టే కెమెరా వాడారు. వేరుకు నీళ్లు అందితే ఆకు చెమట పట్టినట్టు చల్లగా ఉంటుంది. అందకపోతే వేడెక్కుతుంది. కరువుకు ఆగే రకాన్ని ఎంచడానికి ఇదొక దారి.