విశ్వాసం – వివేచన

కొల్లాపూర్ మాధవస్వామి ఆలయంలో అర్చించేవారికి, మసీదులో నమాజు చేసేవారికి, దేవుడే లేడనేవారికి భారత రాజ్యాంగంలోని 25వ అధికరణం సమానంగా అంతరాత్మ స్వేచ్ఛను ప్రసాదించింది. అంతమాత్రాన విశ్వాసాలన్నీ సమానంగా సత్యమని గాని, ఆచారాలన్నీ సమానంగా ఆమోదయోగ్యమని గాని భావించరాదు. ఆ స్వేచ్ఛ శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉండాలని అదే అధికరణం నిర్దేశించింది.

కొల్లాపూర్ ఒకప్పుడు అంతర్భాగమైన మహబూబ్‌నగర్ జిల్లాలో దళిత బాలికలను దేవత పేరిట జోగినులుగా మార్చే దురాచారం ఉండేది. భక్తి పేర సాగిన ఆ ఆచారం ఆడపిల్లల జీవితాలను బలిగొన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో చట్టం చేసి దానిని నిషేధించింది.

విశ్వసించే హక్కు అందరిదీ. కాని విశ్వాసం విలువ సాటి మనిషికి చేసే మేలు కీడులలో తేలుతుంది. ఆస్తికుడైనా, నాస్తికుడైనా ఈ గీటురాయికి అతీతుడు కాడు.