సముద్రంలో స్నార్కెలింగ్: పడవ ఎక్కే ముందు సరంగుకు చెప్పవలసిన సంగతులు



ఈ మధ్య మన ఓపీలో ఒక కొత్త ప్రశ్న వినబడుతోంది. "సిస్టర్, పిల్లలు మమ్మల్ని అండమాన్ తీసుకువెళ్తామంటున్నారు. అక్కడ పడవలో సముద్రం మీదకు తీసుకువెళ్ళి, నీళ్ళలో దించి రంగురంగుల చేపల్ని చూపిస్తారట. నాకు బీపీ ఉంది, వెళ్ళవచ్చా?" అని అడుగుతున్నారు. టిక్కెట్లు కొన్న తరువాత అడిగేవారే ఎక్కువ. అందుచేత ఈసారి పాఠం ఈ విషయం మీదే.

స్నార్కెలింగ్ అంటే చాలామందికి తెలియదు. కళ్ళను, ముక్కును కప్పే అద్దం ఒకటి పెడతారు. నోట్లో ఒక గొట్టం ఉంటుంది. దాని పైకొస నీటిపైన ఉంటుంది. ముఖం నీళ్ళలో పెట్టి, బోర్లా తేలుతూ, ఆ గొట్టం ద్వారా నోటితో గాలి పీల్చుకుంటూ కింద పగడాలను, చేపలను చూస్తారు. సిలిండరు కట్టుకుని లోతుకు వెళ్ళేది స్కూబా. అది వేరు. ఇది నీటి పైభాగాననే గనుక "ఈత రాకపోయినా ఫరవాలేదు, చాలా తేలిక" అని చెబుతారు. ఆ మాటే నన్ను కలవరపెడుతుంది. ఎందుకంటే మా ఇంట్లో జరిగింది.

2023 జనవరిలో మా తమ్ముడి కుటుంబంతో నేను కూడా స్వరాజ్ ద్వీప్ వెళ్ళాను. 2018 వరకు దాని పేరు హేవ్‌లాక్. పోర్ట్‌బ్లెయిర్ నుండి (ఆ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది) ఫెర్రీలో రెండు గంటలకు అటూ ఇటూ పడుతుంది. మా మేనల్లుడు ఒక తెరచాప పడవను సగం రోజుకు మా కుటుంబానికే మాట్లాడాడు. ఉదయం 8 గంటలకు బయలుదేరి మధ్యాహ్నం భోజనాల వేళకు తిరిగి రావాలి. పడవలో మేము ఐదుగురం, సరంగు, అతని సహాయకుడు. ఆ సహాయకుడు శ్రీకాకుళం నుండి ఎప్పుడో వలస వెళ్ళిన మత్స్యకారుల ఇంటి అబ్బాయి. ఆ దీవులలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి.

పడవ ఎక్కే ముందు సరంగు ఒక కాగితం ఇచ్చాడు. గుండె జబ్బు ఉందా, బీపీ ఉందా, ఉబ్బసం ఉందా, మూర్ఛ వస్తుందా అని ప్రశ్నలు. మా తమ్ముడికి అప్పటికి రెండేళ్ళ క్రితం స్టెంట్ వేశారు. బీపీకి రెండు రకాల మాత్రలు వాడతాడు. అయినా అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టి సంతకం చేశాడు. నేను చూశాను. "ఉందని రాస్తే దిగనివ్వరక్కా, ఇంత దూరం వచ్చింది ఎందుకు?" అన్నాడు. పిల్లల సంతోషం పాడవుతుందని నేనూ ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసిన నేను ఊరుకున్నాను. ఈ సంగతి ఇక్కడ రాయడం నాకు కష్టంగానే ఉంది.

ఎలిఫెంట్ బీచ్ వైపు వెళ్ళి లంగరు వేశారు. ఆ అబ్బాయి మాకు ఒక సైగ నేర్పాడు. తలమీద చెయ్యి పెడితే బాగున్నామని అర్థం. చెయ్యి పైకెత్తి ఊపితే వచ్చి కాపాడమని అర్థం. మేము నీళ్ళలో ఉన్నంతసేపూ రెండు మూడు నిమిషాలకు ఒకసారి అతను కేకవేసి అడుగుతూనే ఉన్నాడు. నాకైతే మొదటి ఐదు నిమిషాలూ భయమే. ముక్కుతో పీల్చే అలవాటు పోదు, గుండె దడదడలాడింది, రెండుసార్లు ఉప్పునీళ్ళు మింగాను. పైకి వచ్చేసి పడవ నిచ్చెన పట్టుకుని కూర్చున్నాను. సుమారు పది నిమిషాలు గడిచాక అబ్బాయి కేకవేస్తే అందరూ తలమీద చెయ్యి పెట్టారు, తమ్ముడు తప్ప. బోర్లా తేలుతూనే ఉన్నాడు. మేము "ఏదో చూస్తున్నాడులే" అనుకున్నాం. అబ్బాయి అనుకోలేదు. దూకి వెళ్ళి తిప్పి పట్టుకువచ్చాడు.

పైకి తెచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. స్పృహ ఉంది గాని మాట రావడం లేదు. ఊపిరికి ఊపిరికి గరగరమని శబ్దం. దగ్గితే లేత గులాబీ రంగు నురుగు వచ్చింది. నీళ్ళు మింగాడేమో అని మరదలు బోర్లా పడుకోబెట్టబోయింది. వద్దని, నిటారుగా కూర్చోబెట్టి కాళ్ళు కిందికి వేలాడదీయించాను. పడవలో ఆక్సిజన్ సిలిండరు ఉంది. అది దేవుని కృప. ఒడ్డుకు చేరి దీవిలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాక లాసిక్స్ ఇంజెక్షన్ ఇచ్చారు. మూడు గంటలకు కోలుకున్నాడు. నీళ్ళలో ఏమైందని తరువాత అడిగితే, "మునగలేదు, నీళ్ళు లోపలికి పోలేదు. ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది. చేతుల్లో బలం పోయింది. పిలుద్దామంటే గొంతు రాలేదు" అన్నాడు.

లోపల ఏమి జరుగుతుంది?

నీటిలో మెడవరకు దిగగానే, నీటి ఒత్తిడివల్ల కాళ్ళలో ఉండే రక్తం ఛాతీలోకి చేరుతుంది. సుమారు అర లీటరుకు పైగా రక్తం గుండెమీద, ఊపిరితిత్తులమీద అదనపు బరువవుతుంది. ఆరోగ్యవంతుడి గుండె దానిని సర్దుకుంటుంది. బీపీ వల్ల మందమైన గుండె, ఒకసారి దెబ్బతిన్న గుండె సర్దుకోలేకపోవచ్చు. దీనికి తోడు గొట్టం. సన్నని గొట్టంలోంచి గాలిని బలంగా లాగితే ఛాతీలో పీడనం తగ్గి, ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల నుండి నీరు గాలి సంచులలోకి ఊరుతుంది. స్ట్రాతో చిక్కని మిల్క్‌షేక్ లాగేటప్పుడు బుగ్గలు లోపలికి పోతాయి గదా, ఆ లాగుడే ఇది. భయంతో, అలసటతో గట్టిగా పీల్చేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది.

అమెరికాలోని హవాయి దీవులలో స్నార్కెలింగ్ మరణాలను పరిశీలించిన వైద్యులు ఈ సంగతినే ముఖ్యంగా చెప్పారు. చాలామంది చేతులు కాళ్ళు కొట్టుకుంటూ మునిగిపోలేదు. ముందు ఆయాసం, తరువాత నీరసం, తరువాత స్పృహ పోవడం. కేక లేదు, కలకలం లేదు. పక్కనే ఉన్నవారికి తెలియలేదు. స్నార్కెలింగ్‌లో ఉన్న చిక్కు ఇదే. బోర్లా కదలకుండా తేలుతున్న మనిషి చేపల్ని చూస్తున్నాడో, స్పృహ తప్పాడో పైనుండి చూసేవారికి రెండూ ఒకటే. అందుకే ముఖమంతా కప్పే కొత్తరకం మాస్కుల విషయంలో కూడా నేను జాగ్రత్త చెబుతాను. నోటిలో గొట్టమైతే ఉమ్మివేసి వెంటనే గాలి పీల్చవచ్చు. ఆ మాస్కును పట్టీలు విప్పి తీయాలి. బలం పోయిన చేతులతో అది కష్టం.

కాబట్టి నీళ్ళలో ఉండగా కారణం లేకుండా ఆయాసం వస్తే "కాస్త ఓర్చుకుందాం" అనకూడదు. వెంటనే గొట్టం తీసివేసి, వెల్లకిలా తిరిగి, చెయ్యి ఊపండి.

ఎవరు దిగకూడదు?

గుండెపోటు వచ్చినవారు, స్టెంటు లేక బైపాస్ అయినవారు, గుండె నీరసం ఉన్నవారు, బీపీ అదుపులో లేనివారు డాక్టరుగారు పరీక్షించి ఒప్పుకుంటే తప్ప దిగరాదు. రెండు అంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కితే ఆయాసం వచ్చేవారు డాక్టరును అడిగే పని కూడా లేకుండా పడవలో కూర్చోవాలి. మూర్ఛ ఉన్నవారు మందులు వాడుతున్నా దిగవద్దు. చెవిలో చీము కారేవారికి, కర్ణభేరికి రంధ్రం ఉన్నవారికి, ఈమధ్యనే శుక్లాల ఆపరేషను అయినవారికి సముద్రపు నీరు పనికిరాదు. గర్భిణులు అలలమీద ఎగిరే పడవ ఎక్కకపోవడమే మంచిది.

షుగరు ఉన్నవారి మాట కొంచెం వివరంగా చెప్పాలి, మన పాఠకులలో వారే ఎక్కువ. ఇన్సులిన్ తీసుకుని టిఫిను సరిగా తినకుండా నీళ్ళలో దిగితే షుగరు పడిపోతుంది. నీళ్ళలో పట్టే చెమట తెలియదు. వణుకు వస్తే చలి అనుకుంటారు. అందుచేత దిగే ముందు పడవలోనే గ్లూకోమీటరుతో చూసుకోండి. గ్లూకోజు పొడి, బిస్కెట్లు తడవని డబ్బాలో పెట్టండి. ఇన్సులిన్ పెన్నును ఎండలో వదలకుండా చల్లని ఫ్లాస్కులో ఉంచండి. పాదాలకు స్పర్శ తగ్గినవారు రబ్బరు బూట్లు లేకుండా నీటిలో గాని, ఎండకు కాలిన పడవ బల్లలమీద గాని అడుగు పెట్టవద్దు. పగడం గీసుకుపోయినా తెలియదు, సాయంత్రానికి పుండవుతుంది. పగడం గీరితే మంచినీళ్ళతో, సబ్బుతో బాగా కడిగి, ముక్కలు ఉంటే తీసి, టీటీ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. ఎర్రబడినా, వాచినా ఆలస్యం చేయకండి. అసలు పగడాన్ని ముట్టుకోవద్దు. ఏరుకుని తేవడం చట్టరీత్యా నేరం కూడా.

బయలుదేరే రోజు

వాంతులు అవుతాయని ఖాళీ కడుపుతో వెళ్ళడం పొరపాటు. రెండు ఇడ్లీలు తినండి. పూరీలు, మాంసం కూరలు తిరిగి వచ్చాక. అవోమిన్ మాత్ర వేసుకుంటే మగత వస్తుంది గనుక ఆ మాత్ర వేసుకున్నవారు నీళ్ళలో దిగవద్దు. పడవ మధ్యలో కూర్చుని దూరాన ఆకాశం సముద్రం కలిసే గీతను చూస్తూ ఉంటే చాలామందికి తిప్పడం తగ్గుతుంది. మీరు రోజూ వాడే బీపీ మాత్ర మానకండి. సార్బిట్రేట్, ఇన్హేలర్ వాడేవారు అవి ఎక్కడ పెట్టారో ఇంకొకరికి చూపించండి. బోర్లా తేలేవారికి వీపు, మెడ, మోకాళ్ళ వెనుక భాగం కాలుతాయి. పొడుగు చేతుల బనియను వేసుకుంటే మంచిది. ఆడవారు చీరతో నీళ్ళలో దిగరాదు. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవారు కూడా కదలలేరు. చున్నీ కూడా పడవలోనే వదలాలి.

లైఫ్ జాకెట్ గురించి మన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర లాంచి మునిగినప్పుడు ఎన్ని ఇళ్ళు ఏడ్చాయో చూశాం. 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ దగ్గర పరిమితికి మించి ఎక్కించిన యాత్రికుల పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఉక్కపోస్తుందని జాకెట్ విప్పి ఒళ్ళో పెట్టుకునేవారు పౌలుగారి ఓడ ప్రయాణం మరొకసారి చదవాలి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఆ ఓడలో 276 మంది ఉన్నారు. ఈత వచ్చినవారు ముందు దూకారు, రానివారు పలకలు పట్టుకుని ఒడ్డు చేరారు. పలక పట్టుకోవడానికి అక్కడ ఎవరూ సిగ్గుపడినట్టు లేదు.

పడవ మొత్తం మనమే మాట్లాడుకోవడంలో ఒక లాభం ఉంది. వేరేవారి కోసం ఆగనక్కరలేదు, ఎవరికి బాగోలేకపోయినా "వెనక్కి తిప్పండి" అనవచ్చు. నష్టం కూడా ఉంది. చూసే కళ్ళు తక్కువ. సరంగు తెరచాపలను, గాలిని చూసుకుంటాడు. అందుచేత మీ కుటుంబంలో ఒక పెద్దవారు తప్పనిసరిగా నీళ్ళలో దిగకుండా పడవలోనే ఉండి, వేలుపెట్టి తలలు లెక్కపెడుతూ ఉండాలి. ఫోనులో ఫొటోలు తీస్తూ కాదు. దిగేవారు ఇద్దరిద్దరుగా దిగాలి. పిల్లలు చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. ఇంజను ఆపామని సరంగు చెప్పేదాకా ఎవరూ నీళ్ళలో కాలు పెట్టరాదు. గాలి మారినప్పుడు తెరచాప కింది దుంగ ఒక పక్క నుండి ఇంకో పక్కకు విసురుగా తిరుగుతుంది. తల వంచమంటే వెంటనే వంచండి. మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉన్నచోట, స్థానికులు వద్దన్నచోట దిగవద్దు. 2010లో ఇదే దీవిలో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ యువతి మొసలి దాడిలో చనిపోయింది.

ఎవరైనా మునిగితే

పైకి తీసినవారిని తలకిందులుగా వేలాడదీయడం, భుజానవేసుకుని గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళలో ఇంకా చేస్తున్నారు. దయచేసి మానండి. ప్రాణం పోసే నిమిషాలు వాటికే అయిపోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటితో ముందు ఐదుసార్లు ఊపిరి ఊదండి. కదలిక లేకపోతే ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, రెండుసార్లు ఊదండి. సహాయం వచ్చేవరకు ఇదే వరుస. స్పృహ ఉండి ఆయాసపడుతుంటే మాత్రం పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టాలి. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డు నంబరు 1554, ఒడ్డున 112. మునిగి లేచినవారు బాగానే ఉన్నానన్నా సరే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఊపిరితిత్తులలో నీరు కొన్ని గంటల తరువాత ఇబ్బంది పెట్టవచ్చు.

ప్రయాణం పెట్టుకున్నవారు టిక్కెట్లు కొనే ముందే మీ మందుల చీటీతో ఓపీకి రండి. బీపీ, షుగరు చూసి, అవసరమైతే ఈసీజీ తీయించి, దిగవచ్చో లేదో డాక్టరుగారు చెబుతారు. ఆ చీటీనే సరంగుకు చూపించండి.

మా తమ్ముడు మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళాడు. కాగితంమీద ఉన్నదంతా రాశాడట. సరంగు దిగనివ్వలేదు, గొడుగు కింద కూర్చోబెట్టాడు. ఆ పూటంతా తలలు లెక్కపెట్టింది తానేనని ఫోనులో చెప్పాడు.