ప్రొబేషన్ అధికారి కాగోరువారికి

17 ఏండ్ల బాలుడొకడు అంగడిలో సెల్‌ఫోను దొంగిలించి పట్టుబడెననుకొందము. 18 ఏండ్లు నిండలేదు గనుక వానిని పెద్దలతోపాటు జైలునకు పంపరు. జువెనైల్ జస్టిస్ బోర్డు అను బాలన్యాయ మండలి యెదుట హాజరుపఱతురు. దొంగతనము జరిగినదో లేదో సాక్షులు చెప్పగలరు. కాని యా బాలుడెట్టివాడు? ఇంట పొయ్యి వెలుగుచున్నదా? బడి యెందుకు మానెను? ఎవరి మాట వాని చెవి కెక్కును? ఈ సంగతులు సాక్షు లెఱుగరు. బాలుని మొదట హాజరుపఱచిన 15 దినములలో వీనిని విచారించి నివేదిక సమర్పింపవలెనని 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రొబేషన్ అధికారిని ఆదేశించుచున్నది. తమిళమున ఈయననే నన్నడత్తై అలువలర్ అందురు.

పెద్దవారి విషయమున 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టము వర్తించును. సత్ప్రవర్తనకు పూచీపడి విడుదలయైన వానిని కనిపెట్టియుండుట, అవసరమైనచో వానికి తగిన పని వెదకిపెట్టుట, నష్టపరిహారము చెల్లించుటలో తోడ్పడుట యీ యధికారి విధులు. 21 ఏండ్లలోపు వానికి కారాగారము విధింపదలచిన న్యాయస్థానము సాధారణముగా ముందు ఈయన నివేదికను తెప్పించుకొనవలెను. 1964లో పంజాబునకు చెందిన 16 ఏండ్ల బాలుని వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, క్రింది న్యాయస్థానమున ఈ చట్టమును వర్తింపజేయకున్నను అప్పీలులో వర్తింపజేయవచ్చునని నిర్ణయించెను. ఆ తీర్పు వ్రాసిన వారు రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. మన తెలుగు పిల్లలు తెలిసికొనదగిన సంగతి గనుక ఇచట చెప్పితిమి.

ఈ యుద్యోగమునకు మూలపురుషుడుగా చెప్పబడువాడు పట్టభద్రుడు కాడు. 1841లో అమెరికాలోని బోస్టను నగరమున జాన్ అగస్టస్ అను బూట్లు తయారుచేయువాడు, న్యాయస్థానమునకు తేబడిన త్రాగుబోతు నొకనిని తన పూచీపై విడిపించి బాగుచేసెను. నేడు మాత్రము పట్టము లేనిదే తలుపు తెఱచుకొనదు. తమిళనాట ఈ యధికారులు బాలల సంక్షేమము చూచు శాఖయందును, కారాగార శాఖయందును కలరు. రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషను గ్రూపు-2 పరీక్షద్వారా వీరిని ఎన్నుకొనును. జిల్లా బాలల రక్షణ విభాగమున న్యాయశాస్త్రము చదివినవారిని ఒప్పందముపై నియమించు పదవి వేఱొకటి కలదు. సామాజిక సేవాశాస్త్రము, మనశ్శాస్త్రము, నేరశాస్త్రము చదివినవారికి పని సులభమగును. వయస్సు మున్నగు నియమములను ఆయా సంవత్సరపు ప్రకటనలోనే చూచుకొనవలెను. ఇరుగుపొరుగువారి మాట నమ్మి దరఖాస్తు చేయరాదు.

ఇక మన పిల్లలకు అసలు చిక్కు. 2021 నాటి ప్రభుత్వాజ్ఞ ననుసరించి ఈ పరీక్షలో తమిళ పత్రము తప్పనిసరి. నూటికి 40 మార్కులు రానిచో తక్కిన జవాబులను దిద్దనే దిద్దరు. ఆ పత్రము పదవతరగతి స్థాయిదే. తమిళ మాధ్యమమున చదివినవారికి 2010 నాటి చట్టము 20 శాతము ఉద్యోగములను ప్రత్యేకించినది. తెలుగు మాధ్యమ విద్యార్థి కది లభింపదు. కాబట్టి "మనది తెలుగు బడి, తమిళ మెట్లున్న నేమి" అను తల్లిదండ్రులు తమ బిడ్డకే నష్టము చేయుచున్నారు. మేము ఆంధ్రమున శిక్షణ పొందినప్పుడు తెలుగొక్కటి చాలుననుకొంటిమి. ఇచటికి వచ్చిన క్రొత్తలో కార్యాలయపు తమిళ జాబులను ఎనిమిదవతరగతి బాలునిచే చదివించుకొంటిమి.

అట్లని తెలుగు వదలుకొనుమనుట లేదు. ఏళాయిరంపన్నైలో అగ్గిపెట్టెల పనికో, బాణసంచా పనికో పోయి ప్రొద్దుగ్రుంకి యిల్లు చేరిన తల్లిని ఏ యధికారియో తమిళమున ప్రశ్నించినచో "ఆమా, ఇల్లై" అని యూరకుండును. ఇంట మాటలాడు తెలుగున "ఏమ్మా, పిల్లవాడు ఎప్పటినుండి ఇట్లున్నాడు?" అని యడిగినచో కన్నీటితో అంతయు చెప్పును. విన్నది తెలుగున, వ్రాయవలసినది తమిళమున. రెండు భాషలు చక్కగా వచ్చినవానికే యిది సాధ్యము.

దేహదార్ఢ్య మనగా ఛాతీ కొలత యని మన బాలురు తలతురు. ప్రభుత్వోద్యోగమునకు వైద్యుని ధ్రువపత్రము కావలసినదే. కాని ఈ పనికి కావలసిన బలము వేఱు: ఎండలో ఊరూర తిరుగుట, తిట్టిన యింటికే మరల పోవుట, విన్నది పైకి పొక్కనీయకుండుట. 1958 చట్టము ప్రకారము నివేదిక రహస్యము. అందఱును పెద్దమ్మలు, చిన్నాన్నలే యైన మన వీధులలో ఇది యెంత కష్టమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

నివేదిక వ్రాయుటకు ఇప్పుడే అభ్యసింపవచ్చును. "తండ్రి త్రాగుబోతు" అని వ్రాయుట నివేదిక కాదు. "మూడు సాయంకాలములు పోతిమి, రెండుమార్లు తండ్రి త్రాగియుండెను, మూడవమారు ఇంట లేడు" అనునది చూచినది. "వారమునకు ఒక్కనాడే కూలి యిచ్చునని తల్లి చెప్పినది" అనునది విన్నది. "అందువలననే బాలుడు దొంగిలించియుండును" అనునది ఊహ. మూటిని మూడు చోట్ల వ్రాయవలెను. ఒక్క మాట ఊహనుండి చూచినదానిలోనికి జాఱినచో, ఒక బాలుని బ్రదుకు దారి తప్పవచ్చును.

కొందఱు తండ్రులు మమ్ము గుట్టుగా అడిగిరి: ఒకమారు పట్టుబడిన పిల్లవానికి సర్కారు కొలువు రాదా? పెద్దవారితో సమముగా విచారింపబడిన తీవ్రనేరములలో తప్ప, బాల్యమున చేసిన నేరమువలన అనర్హత కలుగదని 2015 చట్టమే చెప్పుచున్నది. వానిని బడి మాన్పింపకుడు.

తొమ్మిది, పది తరగతులవారు ఈ నెలలో ఒక పని చేయుడు. బడి మానిన పిల్లలలో ఒకరిని గూర్చి, పేరు వ్రాయక, ఇంటి గుర్తు తెలుపక, చూచినది, విన్నది, ఊహించినది అని రెండు పుటలు తెలుగున వ్రాసి, దానినే తమిళమునను వ్రాయుడు. తెలుగు ప్రతిని మాకును, తమిళ ప్రతిని తమిళోపాధ్యాయులకును ఇండు.