పెద్ద చేప

మన విశాఖ సముద్రంలో కొమ్ముకోనాం చేప ఉంది. దాని మూతి బల్లెంలా ఉంటుంది. పెరూ దేశపు సముద్రంలోనూ ఈ చేప ఉంది.

కొందరు సరదాకి దీన్ని గాలంతో వేటాడతారు. పడవ కిరాయికి తీసుకుంటారు. పడవ నడిపేవాళ్లు వెంట ఉంటారు.

ఈ వేటకు ఒక నియమం ఉంది. చేప తగిలాక గాలం కర్రను ఇంకొకరు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రికార్డులో రాయరు. కష్టమంతా ఒక్కరిదే.

కొత్తవాళ్లు కంగారుపడి గట్టిగా లాగుతారు. తాడు తెగుతుంది. చేప పోతుంది. మరి ఏం చేయాలి? చేప పరుగెడితే తాడు వదలాలి. అలిసి ఆగితే తాడు చుట్టాలి. గంటలు పట్టినా ఓపిక పట్టాలి.

పెరూలో కాబో బ్లాంకో అనే ఊరుంది. 1954లో అక్కడ కింబర్లీ విస్ అనే ఆమె ఒక కొమ్ముకోనాం పట్టింది. బరువు సుమారు 690 కిలోలు! 75 కిలోల ధాన్యం బస్తాలు తొమ్మిది వేసినా అంత తూగవు. ఆడవాళ్ల రికార్డులో ఆమె పేరు రాశారు.

ఇప్పుడు చాలామంది చేపను పట్టి, మళ్లీ సముద్రంలో వదిలేస్తున్నారు. చేపలు మిగలాలి కదా!

జవాబు రాయండి:
1. గట్టిగా లాగితే ఏమవుతుంది?
2. మీ పనుల్లో ఓపిక కావలసినవి ఏవి?