రిపోర్టులో యాంటీబాడీ, మూత్రంలో ప్రొటీన్

ఫిల్టర్ పాడైతే ఏమవుతుందని అడిగితే మనలో ఎవరైనా టక్కున "జామ్ అవుతుంది" అంటారు. లూపస్ జబ్బులో కిడ్నీకి మొదట జరిగేది వేరు. ఫిల్టర్ కారడం మొదలవుతుంది, ఆపాల్సిన ప్రొటీన్‌ను మూత్రంలోకి వదిలేస్తుంది. దీనికి కారణం బయటి క్రిములు కావు, మన ఒంట్లోనే తయారైన యాంటీబాడీలు.

యాంటీబాడీ పని గుర్తుపట్టి అతుక్కోవడం. వైరస్‌కి అతుక్కుంటే మనకు మేలు. మన కణాల సరుకుకే అతుక్కుంటే దాన్ని ఆటోయాంటీబాడీ అంటారు. లూపస్‌లో వీటి గురి ఎక్కువగా కణ కేంద్రకం మీద, ముఖ్యంగా డీఎన్ఏ మీద. కేంద్రకం కణం లోపల కదా ఉండేది, వీటికెలా దొరికింది? నాకూ మొదట వచ్చిన డౌటు ఇదే. రోజూ కోట్లాది కణాలు చస్తుంటాయి, ఆ చెత్తను ఊడ్చేసే కణాలు ఉంటాయి. లూపస్‌లో ఆ ఊడ్పు సరిగా సాగదు. కేంద్రకం ముక్కలు బయట మిగిలిపోతాయి.

డీఎన్ఏ మీద యాంటీబాడీలున్నాయని 1957లో తేలింది. అవే కిడ్నీలో ఉన్నాయని ఎలా నమ్మాలి? 1967లో కాఫ్లర్, షుర్, కుంకెల్ అనే శాస్త్రవేత్తలు లూపస్ రోగుల కిడ్నీల నుంచి యాంటీబాడీలను విడదీసి చూపించారు. కేంద్రకాన్ని పట్టుకునే యాంటీబాడీలు అక్కడ పోగుపడి ఉన్నాయి. నాకు చాలా నచ్చిన ప్రయోగం ఇది. అనుమానితుణ్ణి నేరం జరిగిన చోటే పట్టుకున్నట్టు!

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సూక్ష్మ వడపోత గుచ్ఛాలుంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్లు వడకడతాయి. యాంటీబాడీలు అక్కడికి రెండు దారుల్లో చేరతాయి: డీఎన్ఏ ముక్కలతో ముద్దకట్టి రక్తంలో కొట్టుకొచ్చి, లేదా ఫిల్టర్ గోడకు ముందే అంటుకున్న ముక్కలను పట్టుకుని. అతుక్కోవడంతో ఆగితే ఇంత నష్టం ఉండదు. అవి కాంప్లిమెంట్ అనే రక్తప్రొటీన్ల గొలుసును రేపుతాయి. అది తెల్లకణాలను పిలుస్తుంది, అవొచ్చి గోడను గాయపరుస్తాయి. ఈ గొడవలో కాంప్లిమెంట్ ఖర్చయిపోతుంది కాబట్టే రక్తంలో సీ3, సీ4 తగ్గుతాయి. యాంటీబాడీ పెరిగి ఇవి తగ్గాయంటే డాక్టర్లు జాగ్రత్తపడతారు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. యాంటీబాడీ ఎక్కువున్నా కిడ్నీ బాగున్నవాళ్లున్నారు. అంకె అంతగా మారకపోయినా కిడ్నీ దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. మా పెద్దమ్మ కూతురు ఈ రెండో రకం. "ఒంట్లో బానే ఉంది కదరా, మళ్లీ మూత్రం టెస్టెందుకు?" అని విసుక్కుంది. యాంటీబాడీ పాత అంకె దగ్గరే ఉంది, మూత్రంలో మాత్రం ప్రొటీన్ కనబడింది. రోజుకు అర గ్రాము దాటితే సాధారణంగా బయాప్సీ ఆలోచిస్తారు, అక్కకూ చేశారు. నొప్పి లేదు, జ్వరం లేదు. కాళ్లవాపు, నురగ మూత్రం వచ్చేదాకా ఆగి ఉంటే అప్పటికే చాలా ఆలస్యమయ్యేది.

2003లో అమెరికా సైన్యం దాచిన పాత రక్త నమూనాలను పరీక్షిస్తే, తర్వాత లూపస్ తేలిన 130 మందిలో 88 శాతం మందికి జబ్బు నిర్ధారణకు ముందే ఏదో ఒక ఆటోయాంటీబాడీ ఉంది, కొందరికైతే ఏళ్ల ముందు నుంచే. అలాగని ఏఎన్ఏ పాజిటివ్ రాగానే బెంబేలెత్తొద్దు. ఆరోగ్యంగా ఉన్న కొందరికీ అది వస్తుంది.

మందుల్లో స్టీరాయిడ్లు, మైకోఫెనొలేట్ మంటను అణిస్తాయి. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలకు బతుకుతెరువైన సంకేతాన్ని ఆపే బెలిముమాబ్‌కు, లూపస్ కిడ్నీ జబ్బు కోసం 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం పాతదే, ఒకప్పటి మలేరియా బిళ్ల. అక్క రోజూ వేసుకునేవాటిలో అదీ ఒకటి.