క్యాథ్‌ల్యాబ్‌లో రోబో: రేడియేషన్ నుండి సిబ్బందికి రక్షణ

గుండె రక్తనాళంలోని అడ్డంకిని తొలగించి స్టెంటు అమర్చే గదిని క్యాథ్‌ల్యాబ్ అంటారు. లోపలికి పంపిన సన్నని తీగ ఎక్కడికి చేరిందో చూడడానికి ఎక్స్-కిరణాలు అవసరం. రోగి శరీరాన్ని తాకిన కిరణాలలో కొంత భాగం చెదరి గదిలోని వారిపై పడుతుంది. ఈ చికిత్స రోగికి ఎప్పుడో ఒకసారి జరిగేది, సిబ్బందికి నిత్యకృత్యం. ఏళ్ల తరబడి సోకే రేడియేషన్ వల్ల కంటిలో శుక్లాలు ఏర్పడవచ్చు; క్యాన్సర్ ముప్పు కొంత పెరగవచ్చు.

మూడు సూత్రాలు

రక్షణకు ఆధారం కాలం, దూరం, అడ్డు. కిరణాల చెంత తక్కువసేపు ఉండాలి. వీలైనంత దూరంగా నిలవాలి. మధ్యలో సీసపు అడ్డు ఉండాలి. దూరం రెట్టింపైతే సోకే మోతాదు సుమారు నాలుగో వంతుకు, మూడు రెట్లయితే తొమ్మిదో వంతుకు తగ్గుతుంది.

రోబో చేసే పని

బల్ల పక్కన అమర్చిన రోబో చేయి తీగను, స్టెంటును నడుపుతుంది. వైద్యుడు కొంత దూరంలో, సీసపు రక్షణ వెనుక కూర్చుని మీటలతో దానిని నియంత్రిస్తాడు. 164 మంది రోగులపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, బల్ల వద్ద ఉండే మోతాదుతో పోలిస్తే ముఖ్య వైద్యునికి సోకినది 95 శాతం తక్కువగా తేలింది. 2018 డిసెంబరులో డాక్టర్ తేజస్ పటేల్ గాంధీనగర్‌లో ఉండి, సుమారు 32 కిలోమీటర్ల దూరాన అహ్మదాబాదులో ఉన్న రోగికి ఈ విధంగా చికిత్స చేశారు.

రోబో కాపాడలేనివారు

రక్తనాళంలోకి మొదటి దారిని చేతితోనే ఏర్పరచాలి. పరికరాలు మార్చడానికి, రోగిని కనిపెట్టి ఉండడానికి నర్సు, టెక్నీషియన్ బల్ల వద్దనే ఉంటారు. వైద్యుడు దూరం జరిగినంత మాత్రాన వారికి ముప్పు తొలగదు. అందువల్ల రోబో ఉన్న ఆసుపత్రిలోనూ కింది జాగ్రత్తలు తప్పనిసరి.

• సీసపు ఏప్రన్, మెడకు థైరాయిడ్ కవచం ధరించాలి. ఏప్రన్‌ను మడతపెట్టకుండా వేలాడదీయాలి; మడిస్తే లోపలి పొర చిట్లుతుంది.
• టీఎల్‌డీ బ్యాడ్జిని ఏప్రన్ లోపల, ఛాతీ వద్ద పెట్టుకోవాలి. ఒకరి బ్యాడ్జి మరొకరు వాడరాదు. మూడు నెలలకొకసారి వచ్చే కొలతను అడిగి తెలుసుకోవాలి.
• అణుశక్తి నియంత్రణ మండలి నిర్ణయించిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు. ఏ ఒక్క ఏడాదీ 30 మించరాదు.
• గర్భవతి అయిన ఉద్యోగిని ఆ విషయం వెంటనే తెలియజేయాలి. అప్పటి నుండి గర్భస్థ శిశువుకు 1 మిల్లీసీవర్టు దాటరాదు.

ఆలోచించండి

1. బల్ల నుండి ఒక మీటరు దూరంలో నిలిచిన నర్సు రెండు మీటర్లకు జరిగితే, ఆమెకు సోకే మోతాదు ఎంత తగ్గుతుంది?
2. రోబో వచ్చిన తరువాత కూడా అందరికీ బ్యాడ్జి ఎందుకు అవసరం?