గేట్ కొడితే సెటిలైపోయినట్టేనా?

థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కాలేజీలవాళ్లు పిలిస్తే వెళ్లి పిల్లలతో మాట్లాడుతున్నాను. నిజానికి పిల్లలకంటే వాళ్ల అమ్మానాన్నలే ఎక్కువ మాట్లాడతారు. అందరిదీ ఒకటే పాట. ‘‘సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడు తీసేస్తారో తెలీదండీ. గేట్ కొట్టి పీఎస్‌యూలో పడితే లైఫ్ సెటిల్. టెన్షన్ ఉండదు, క్వార్టర్ ఇస్తారు, పింఛనొస్తుంది.’’ లేఆఫ్‌ల వార్త వచ్చిన ప్రతిసారీ ఈ పాట జోరందుకుంటుంది. ఈమధ్య ఒక తల్లి, కొడుకు పక్కనే కూర్చుని ఉండగా, ‘‘ఏసీ రూమే కదండీ?’’ అని అడిగారు. కంట్రోల్ రూమ్ ఏసీయేనమ్మా, తలుపు తీస్తే బాయిలర్ అన్నాను.

500 మెగావాట్ల యూనిట్లో ఆవిరి దాదాపు 540 డిగ్రీల వేడితో టర్బైన్‌కి పోతుంది. అంత వేడి, అంత ఒత్తిడి ఉన్న ఆవిరి పైపులోంచి లీకైతే కంటికి కనబడదు. చప్పుడు మాత్రం వినబడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక సి-షిఫ్ట్‌లో తెల్లవారుజామున అలాంటి చప్పుడే వస్తే ఎక్కడో చూద్దామని బయల్దేరాను. ఐటీఐ చేసి వచ్చిన సీనియర్ ఆపరేటరు ‘‘ఆగండి సార్’’ అని నా భుజం పట్టి ఆపాడు. మూలనున్న చీపురుకట్టను పొడుగాటి కర్రకు కట్టి, ముందుకు చాపి, ఒక్కో అడుగే వేస్తూ నడిచాడు. కొంతదూరం పోయేసరికి పుల్లలు టపటపా తెగి ఎగిరిపోయాయి. ‘‘ఇక్కడ సార్’’ అన్నాడు, ఏమీ జరగనట్టు. నా బీటెక్ పుస్తకాల్లో ఆ చీపురు లేదు.

ఉద్యోగమంతా అలాగే గడిచింది. యూనిట్ ట్రిప్పయితే ఇంట్లో పెళ్లయినా పండగయినా వెళ్లాల్సిందే. ఆగిన టర్బైన్ రోటరు వేడిమీద వంగిపోకుండా నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి. ఓవరాలింగ్ మొదలైతే ఇల్లు మర్చిపోవాలి. ఇక బదిలీలు. రామగుండం, సింహాద్రి మన ఇంటి వాకిట్లో ఉన్నట్టే అనిపిస్తాయి గానీ, ఎన్టీపీసీలో చేరినవాడికి కోర్బా, సింగ్రౌలి, ఫరక్కా కూడా ఉంటాయి. ఇవన్నీ ఉండి కూడా నాకు ఆ పని నచ్చింది. వారాల తరబడి విప్పి బిగించిన యూనిట్‌ను గ్రిడ్‌తో కలిపే నిమిషంలో కంట్రోల్ రూమ్‌లో ఎవరూ మాట్లాడరు. ఆ నిమిషం కోసం నిద్ర మానుకోగలిగినవాడు ఈ రంగానికి రావాలి. నాన్న భయం కోసం వచ్చినవాడు నలభై ఏళ్లకే ఫైళ్ల సీటు వెతుక్కుంటాడు. అలాంటివాళ్లతో కలిసి పనిచేశాను, వాళ్ల పనీ నేనే చేశాను.

పింఛను సంగతి. పీఎస్‌యూ ఉద్యోగి ప్రభుత్వ ఉద్యోగి కాదు. వచ్చేవి పీఎఫ్, గ్రాట్యుటీ, సంస్థ ఇచ్చే రిటైర్మెంట్ పథకం సొమ్ము. తాతగారికి వచ్చిన పాతకాలం పింఛను వేరు. కేంద్ర ప్రభుత్వంలోనే 2004 జనవరి 1 నుంచి కొత్తగా చేరినవాళ్లకు అది ఎత్తేశారు. ఇక ‘సంస్థ ఎక్కడికీ పోదు’ అనేవాళ్లు ఒకసారి హైదరాబాద్‌లో బాలానగర్, చింతల్ వైపు తిరిగి రావాలి. ఐడీపీఎల్, హెచ్‌ఎంటీ, ఆల్విన్ పేర్లు ఒకప్పుడు పెళ్లిసంబంధాల్లో ఎంత బరువు తూగేవో అక్కడి పెద్దవాళ్లను అడగండి. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ ఉత్పత్తి మొదలయ్యేసరికి రెండు దశాబ్దాలు దాటింది.

అర్హతలకు ఒక్క వాక్యం చాలు: బీటెక్ మూడో ఏడాది నుంచే గేట్ రాయొచ్చు, 65 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. స్కోరు మూడేళ్లు చెల్లుతుందని కోచింగ్‌వాళ్లు చెబుతారు. అది ఎంటెక్ సీటుకు. పీఎస్‌యూలు చాలావరకు ఆ ఏడాది స్కోరే అడుగుతాయి. ఒక ఏడాది మీ బ్రాంచికి నోటిఫికేషనే రాకపోవచ్చు. అసలు గేట్ ఒక్కటే తలుపు కూడా కాదు. హెచ్‌పీసీఎల్ సొంత పరీక్ష పెట్టుకుంటుంది, 2025లో బీహెచ్‌ఈఎల్ కూడా ఇంజినీర్ ట్రైనీలకు సొంతంగానే పెట్టింది.

నాకు కోపం తెప్పించేది ‘లాంగ్ టర్మ్’. బీటెక్ అయిన కుర్రాణ్ని అమీర్‌పేట హాస్టల్లో పడేసి ఏడాది, రాకపోతే ఇంకో ఏడాది చదివిస్తారు. ఫీజు, హాస్టలు, టెస్ట్ సిరీస్ కలిపితే ఒక మధ్యతరగతి ఇంటి బడ్జెట్ తలకిందులవుతుంది. అంతకంటే పెద్ద నష్టం, ఇరవై మూడేళ్లవాడు రెండేళ్లపాటు ఒక్క మోటారునీ ముట్టుకోకుండా ఆప్షన్లు టిక్కు పెడుతూ కూర్చోవడం. హోర్డింగు మీద ర్యాంకరు ఫొటో చూసి చెక్కు రాసేముందు, ఆ ర్యాంకరు అక్కడ ఏడాది కోర్సు చదివాడా, చివర్లో ఉచితంగా ఇచ్చే ఇంటర్వ్యూ తరగతికి వచ్చాడా అని అడగండి. ఒకే ముఖం మూడు హోర్డింగుల మీద కనబడేది అందుకే. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ దీనిమీద మార్గదర్శకాలు తెచ్చింది. ఎంపికైన విద్యార్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఫొటో వాడకూడదు, ఏ కోర్సు చదివాడో చెప్పాలి. సొంతంగా చదవగలవాడికి ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ మాస్టార్ల పాఠాలు ఉచితంగానే ఉన్నాయి.

నన్నడిగితే, గేట్ రాయండి, చేతిలో పని ఉంచుకుని రాయండి. ఏడాది గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరినా సరే, ఏ చిన్న ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో చేరినా సరే. జెన్‌కో, ట్రాన్స్‌కో ఏఈ పోస్టులు, రైల్వే, ఎస్‌ఎస్‌సీ జేఈ పోస్టులు చూసుకోండి. ఎస్‌ఎస్‌సీ జేఈ సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లకే. బాయిలర్ల దగ్గర అనుభవం వస్తే బాయిలర్ ఆపరేషన్ ఇంజినీర్ (బీఓఈ) సర్టిఫికెట్ పరీక్ష రాయొచ్చు, అది ఉన్నవాణ్ని పంచదార మిల్లు నుంచి మందుల కంపెనీ దాకా అడిగి పిలుస్తారు. పదో తరగతి పిల్లలున్న ఇంట్లో అయితే నేను మొదట చెప్పేది పాలిటెక్నిక్. పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, కావాలంటే ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది. ‘‘డిప్లొమానా?’’ అని మొహం చిట్లించే నాన్నలకు నా దగ్గర ఓపిక లేదు. నాకు పని నేర్పినవాళ్లలో సగంమంది ఐటీఐ, డిప్లొమా వాళ్లే.

మూడో ఏడాది వేసవిలో ప్రాజెక్టు సర్టిఫికెట్ డబ్బులిచ్చి కొనకండి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం, పాల్వంచ, రామగుండం, పరవాడ, ఏది దగ్గరైతే అక్కడి విద్యుత్ కేంద్రంలో ఇన్‌ప్లాంట్ ట్రైనింగ్‌కి కాలేజీ లెటర్ పట్టుకుని ప్రయత్నించండి. దొరక్కపోతే ఊళ్లో సబ్‌స్టేషన్, రైస్‌మిల్లు ఉండనే ఉన్నాయి. ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చున్నప్పుడు మంచి స్కోరున్న పిల్లల్ని, ‘‘మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు ఎందుకు మూలుగుతుంది బాబూ?’’ అని అడిగేవాణ్ని. చాలామంది సూత్రం రాయబోయేవారు. పొలంలో నాన్న మోటారు కాలిపోవడం చూసిన పిల్లాడు మాత్రం ముందు స్టార్టర్ ఆపేస్తానండీ అని, ఆ తర్వాత కారణం చెప్పేవాడు.